పెయిన్ క్లినిక్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్: ఎంతవరకు నాది, ఎక్కడినుంచి డాక్టరుగారిది

మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు చాలామంది నన్ను డాక్టరమ్మగారు అనే పిలుస్తారు. "నేను డాక్టర్ని కాదండి, ఫిజీషియన్ అసిస్టెంట్‌ని. వివరాలు నేను రాసుకుంటాను, తర్వాత డాక్టరుగారు చూస్తారు" అంటాను. "ఆయ్, అలాగేనండి డాక్టరమ్మగారు" అంటారు. మళ్ళీ చెప్తాను. విసుగొస్తుంది గానీ మానను. ఏ మాట ఎవరు చెప్పారో పేషెంట్‌కి తెలియాలి. తేడా వస్తే ఎవర్ని నిలదీయాలో కూడా తెలియాలి.

నేను చదివింది బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్. నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ కోర్సు పేరు చెప్తే మా వైపు రెండే ప్రశ్నలు వస్తాయి. "అంటే నర్సా?" ఒకటి, "ఎంబీబీఎస్ సీటు రాలేదా?" రెండోది. ఈ వృత్తి పుట్టింది అమెరికాలో, 1965లో, డ్యూక్ యూనివర్సిటీలో. నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్ళతో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు మొదలుపెట్టారు. మన దేశంలో 1992లో చెన్నైలో, గుండె ఆపరేషన్ల విభాగంలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ ఆధ్వర్యంలో మొదలైంది. 2021లో కేంద్రం చేసిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో మా వృత్తి పేరు కూడా ఉంది. చట్టంలో పేరున్నా, పొద్దున్న డ్యూటీకి వెళ్ళాక ఏ పని నాది, ఏది కాదు అన్నది పైనున్న డాక్టరు తేల్చి చెప్పాల్సిందే. ఆయన చెప్పకపోతే ఏమవుతుందో మొదటి ఉద్యోగంలోనే చూశాను.

అది ఏ ఊళ్ళోదో, ఏ ఆసుపత్రో చెప్పను. సాయంత్రం ఓపీకి డాక్టరు రాకపోతే ముందే సంతకాలు పెట్టిన కాగితాల కట్ట టేబులు సొరుగులో ఉండేది. "పాత పేషెంట్లే కదమ్మా, ఉన్నవే రాసిచ్చెయ్" అనేవారు. అక్కడ నాకు కావలసినంత స్వేచ్ఛ ఉండేది. కాస్త ఎక్కువే. కానీ ఆ కాగితం మీద రాత నాది, సంతకం ఇంకొకరిది. జరగరానిది జరిగితే రాతనే చూస్తారు. కొన్ని నెలలకి మానేశాను. ఇంట్లో గొడవయింది.

తర్వాత చేరింది భీమవరంలో ఇప్పుడున్న పెయిన్ క్లినిక్. డాక్టరుగారు మత్తు వైద్యంలో ఎండీ చేసి, నొప్పి చికిత్సలో ఫెలోషిప్ చేసినాయన. చేరిన రోజే నాకొక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చారు. ఎడమ పక్క పనుల పేర్లు, కుడి పక్క నాలుగు గడులు. మొదటి గడి, చూడటం మాత్రమే. రెండోది, ఆయన పక్కనుండగా చెయ్యడం. మూడోది, నేను చేసి, పేషెంట్ గది దాటేలోపు ఆయనకి చెప్పడం. నాలుగోది, రాసి ఉన్న పద్ధతి ప్రకారం చేసేసి, సాయంత్రం కేసు షీట్ ఆయన ముందు పెట్టడం. పని పనికీ విడిగా తేదీ వేసి ఆయన సంతకం పెడితేనే నేను గడి దాటాలి. నెదర్లాండ్స్‌కి చెందిన ఓలే టెన్ కాటే అనే ఆయన 2005లో వైద్య విద్య కోసం ఇలాంటి మెట్లే ప్రతిపాదించారని తర్వాత చదివాను. మా డాక్టరుగారు అది చూసి చేశారో, సొంతంగా ఆలోచించారో అడగలేదు.

సెలైన్ సూది పెట్టడం, బీపీ, ఈసీజీ లాంటివి త్వరగానే నాలుగో గడికి వెళ్ళాయి. అసలు ఆలస్యమయింది మాట్లాడటం దగ్గర. పేషెంట్‌ని అడగడం, విన్నది సరిగ్గా రాయడం. చేరకముందు దీన్నొక పనిగానే లెక్కపెట్టలేదు నేను.

పుస్తకంలో ఉన్న ప్రశ్న, "నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత?" లంకల నుంచి వచ్చే పెద్దవాళ్ళని ఇది అడిగితే "పదికి పన్నెండండి బాబూ" అంటారు. ఒక తాతగారైతే "నాలుగణాల వంతు తగ్గిందమ్మా" అన్నారు. దాన్ని షీట్‌లో ఎలా రాయాలి? అందుకని అంకె ఒకసారి అడిగి వదిలేసి, చేసే పనుల గురించి అడగడం అలవాటు చేసుకున్నాను. కొబ్బరి దింపు కార్మికుడైతే ఇప్పుడు చెట్టు ఎక్కుతున్నాడా, ఎక్కితే రోజుకి ఎన్ని. నాట్లు వేసే ఆవిడైతే వరసలో అందరితో పాటు వెనక్కి నడవగలుగుతోందా, మధ్యలో గట్టెక్కి కూర్చుంటోందా. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళని మెడ దించి ఎంతసేపు కూర్చుంటారని అడుగుతాను. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళని మేత బస్తా భుజాన వేసుకుంటున్నారా అని. మూడు వారాల తర్వాత మళ్ళీ అవే అడిగితే మందు పనిచేసిందో లేదో తెలిసిపోతుంది.

నరాల నొప్పో కాదో తేల్చడానికి డీఎన్4 అని పది అంశాల పరీక్ష ఉంది. మంట, కరెంటు షాక్ కొట్టినట్టుండటం, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, దురద లాంటి ప్రశ్నలు ఏడు. స్పర్శ, సూదిమొన, దూది తాకించి చూసేవి మూడు. పదికి నాలుగు వస్తే నరాల నొప్పి వైపు మొగ్గుతాం. షుగర్ పాదాలకీ, సర్పి వచ్చి మానినచోట మిగిలిపోయే మంటకీ ఇది బాగా పనికొస్తుంది. ఇలాంటి వాటికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచెయ్యవు, మందు దారే వేరు. కాబట్టి నేను రాసిన నాలుగు వల్ల మందు మారిపోతుంది. అంత బరువున్న అంకె కాబట్టే, నేను వేసిన మార్కులూ ఆయన విడిగా వేసినవీ వరసగా కలిసేదాకా ఆయన నన్ను మూడో గడిలోనే ఉంచారు. అప్పట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయికి నేనూ అదే చేస్తున్నాను.

మా జిల్లాలో పెయిన్ క్లినిక్‌కి ఎవరూ నేరుగా రారు. ముందు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఒక విడత అయి ఉంటుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సా అనే స్టెరాయిడ్ కలిపి సూది, వారానికి ఒకటో రెండో, కొందరికి ఏళ్ళ తరబడి. ముఖం ఉబ్బి, చర్మం పలచబడి, కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ పెరిగి వస్తారు. అందుకని వేసుకున్న మందులన్నీ కవరులో వేసుకుని రమ్మంటాం. ఆ కవరు విప్పి లెక్క రాయడం నా పని. స్టెరాయిడ్ చాలాకాలం వాడినవాళ్ళకి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే "ఆపెయ్యండి" అనే మాట కూడా నేను అనకూడదని నోట్‌బుక్‌లో ఉంది. కవరులో ఏముందో చెప్పడం వరకే నాది.

ఇక్కడే పేషెంట్లకి ఆశ్చర్యం. "మా ఊరి డాక్టరు ఎవర్నీ అడక్కుండా పొడిచేస్తాడు కదమ్మా, నువ్వు ఇంత చదువుకున్నావు, నువ్వే పొడిచెయ్యచ్చుగా?" అంటారు. నిజమే మరి. నాలుగేళ్ళు చదివిన నాకు నాలుగు గడుల నోట్‌బుక్, ఏమీ చదవని ఆయనకి అడ్డే లేదు. మా నాన్న కాలవ లాకు దగ్గర లస్కరుగా పనిచేశారు. నా ఉద్యోగం ఏమిటో ఆయనకి ఇలా చెప్పాను. "నాన్నా, నువ్వు షట్టరు ఎత్తేవాడివి. ఎన్ని అంగుళాలు ఎత్తాలో ఇంజనీరుగారు రాసిచ్చేవారు. కింద గండి పడిందని తెలిస్తే మాత్రం ఎవర్నీ అడక్కుండా దించేసి, ఆ తర్వాత కబురు పెట్టేవాడివి." ఆయనకి వెంటనే అర్థమయింది. ఎంబీబీఎస్ సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

గండి పడటం లాంటివి మా నోట్‌బుక్‌లో చివరి పేజీలో ఎర్ర ఇంకుతో రాసి ఉంటాయి. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాళ్ళలో కొత్తగా బలం తగ్గడం, జ్వరం, క్యాన్సర్ చరిత్ర, కారణం లేకుండా బరువు తగ్గడం. వీటిలో ఒక్కటి కనిపించినా గడులతో పని లేదు. ఆయన ప్రొసీజర్ మధ్యలో ఉన్నా తలుపు కొట్టొచ్చు.

ఒకసారి ఆకివీడు వైపు చెరువుల మీద పనిచేసే ఆయన వచ్చాడు, నలభై ఏళ్ళుంటాయి. బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసింది, ఊళ్ళో సూదులు వేయించుకున్నాడు, తగ్గలేదు. రెండు కాళ్ళూ లాగుతున్నాయన్నాడు. రెండు కాళ్ళూ అనగానే నేను మూత్రం సంగతి అడిగాను. ఆడపిల్లనని సిగ్గుపడి "బాగానే ఉందండి" అన్నాడు. బయట కూర్చున్న వాళ్ళావిణ్ణి పిలిచి అడిగితే, "రాత్రి నుంచి వెళ్ళలేదండి, నీళ్ళు తక్కువ తాగాడేమో అనుకున్నాం" అంది. బొటనవేలు పైకి లేపమంటే లేవట్లేదు. సి-ఆర్మ్ గది, అంటే ఎక్స్‌రేలో చూస్తూ సూది వేసే గది, తలుపు కొట్టాను. డాక్టరుగారు చేతిలో ఉన్న పని ముగించి వచ్చి మిగతా పరీక్ష చేశారు. వెన్ను చివర నరాల గుత్తి నొక్కుకుపోయినట్టు అనుమానం. సాయంత్రానికి ఎంఆర్ఐ, రాత్రికి విజయవాడ అంబులెన్స్. ఆపరేషన్ అయింది. ఇప్పుడు నడుస్తున్నాడు, బస్తాలు మాత్రం మొయ్యట్లేదు.

ప్రొసీజర్ గదిలో నా పని ఎంతో, ఎక్కడ ఆగుతుందో పేషెంట్లకి బాగా కనిపిస్తుంది. పేషెంట్‌కి విషయం వివరించడం, ఏ వైపో చర్మం మీద గుర్తు పెట్టడం, షుగర్ చూడటం, బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు సర్దడం, సిరంజిలకి లేబుళ్ళు అంటించి వరసగా పెట్టడం, మానిటర్ మీద కన్నేసి ఉంచడం నావి. సూది ఆయనది. ఎక్స్‌రేలో ఆయన మందు పంపేముందు రంగు మందు ఎటు పాకిందో నేనూ చూస్తాను. రక్తనాళంలోకి పోతున్నట్టుంటే ఆయనకి చెప్పొచ్చు. చెప్పాలి కూడా. రక్తం పలచబరిచే మాత్రల సంగతి మరీ జాగ్రత్త. క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళకి వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వాలంటే సాధారణంగా వారం ముందు ఆపాలి. కానీ గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళకి దాన్ని ఆపొచ్చో లేదో మా డాక్టరుగారు కూడా సొంతంగా తేల్చరు. గుండె డాక్టరు దగ్గర్నుంచి కాగితం రావాలి. అంటే ఆయనకీ ఒక గడి ఉంది.

సూది నా చేతికి ఇస్తారా అని నన్ను అడిగేవాళ్ళలో తోటి అసిస్టెంట్లే ఎక్కువ. నాకైతే ఆ కోరిక లేదు. గుచ్చడం చూసి చూసి చేతికి వచ్చేస్తుంది. మత్తుమందు పొరపాటున రక్తంలోకి వెళ్ళి ఫిట్స్ వస్తే ఇరవై శాతం లిపిడ్ ఎమల్షన్ కిలోకి ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించాలని నాకు కంఠతా వచ్చు, సీసా ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీస్తాను. ఆ తర్వాత గుండె లయ తప్పితే ఏం చెయ్యాలో నిర్ణయించే చదువు నాది కాదు. అది లేనివాళ్ళు మొదటి భాగం మాత్రం చేతిలోకి తీసుకోవడం నాకు నచ్చదు.

నేను పట్టుబట్టి సంపాదించుకున్నది ఫోన్. ఇంజెక్షన్ అయిన మర్నాడూ, మూడో రోజూ, వారానికీ పేషెంట్లకి ఫోన్ చేస్తాను. స్టెరాయిడ్ వల్ల షుగర్ కొన్నాళ్ళు పెరుగుతుంది. డెల్టాలో షుగర్ లేని ఇల్లు వెతకాలి కాబట్టి ఆ మాట ముందే చెప్పి, ఇంట్లో మిషన్ ఉంటే అంకెలు చదవమంటాను. తలనొప్పి అంటే కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గుతోందా అని అడుగుతాను. అలా ఉంటే వెన్ను చుట్టూ ఉన్న పొరకి చిల్లు పడిందేమోనని చూడాలి, వెంటనే డాక్టరుగారికి చెప్తాను. ఫోన్లో ముఖం కనపడదు, మన వైపు వాళ్ళు పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని "బాగానే ఉందండి" అనేస్తారు. అందుకే నాలుగో గడికి వెళ్ళడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది ఇదే.

ఇప్పుడు మాత్రల గొడవ. నొప్పి వైద్యంలో స్వేచ్ఛ గురించి మాట్లాడేవాళ్ళు సూదుల గురించే మాట్లాడతారు. నాకు టెన్షన్ వచ్చేది మాత్రల దగ్గరే. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టం, కిందికి తెచ్చారు. మా క్లినిక్‌లో ఆ మాత్ర విషయంలో నేను మొదటి గడిలోనే ఉన్నాను, ఎప్పటికీ అక్కడే ఉంటాను. కానీ ఫోన్ వచ్చేది నాకే. "ఆ తెల్ల మాత్రలు ఓ ఇరవై రాయించి పెట్టమ్మా, దాళ్వా నాట్లయ్యాక వస్తాను" అని. ఒకసారి మా మేనమామగారే ఇంటికొచ్చి కూర్చున్నారు, ఎవరో స్నేహితుడి కోసమట. ఊళ్ళో మొహమాటం ఎంత బలంగా ఉంటుందో ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుసు. "మావయ్యా, నేను రాయలేను. ఆయన్ని తీసుకురండి, ముందు వరసలో చూపిస్తాను" అన్నాను. కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు.

రాయలేకపోయినా ఆ విషయంలో నా పని చిన్నదేం కాదు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. మలబద్ధకం ఉందా, మగతగా ఉంటోందా, రాత్రి మందు తాగుతున్నారా అడగాలి. ఫిట్స్ ఉన్నాయా, దిగులుకి మాత్రలు వాడుతున్నారా చూడాలి. డిప్రెషన్ మందుల్లో కొన్ని ట్రమడాల్‌తో కలిస్తే ప్రమాదం. రోజుకి నాలుగు వందల మిల్లీగ్రాములు దాటకూడదు, ఊళ్ళో మెడికల్ షాపులో విడిగా కొనుక్కునే మాత్రలో కూడా అదే మందు కలిసి ఉండొచ్చు. ఇవన్నీ రాసి ఇస్తే డాక్టరుగారు రెండు నిమిషాల్లో తేలుస్తారు.

డాలస్‌లో మా పెద్దమ్మగారి అమ్మాయి కూడా పెయిన్ క్లినిక్‌లోనే ఫిజీషియన్ అసిస్టెంట్. మాస్టర్స్ చదివి, పాన్స్ అనే జాతీయ పరీక్ష రాసి, రెండేళ్ళకోసారి వంద గంటల చదువు చూపించుకుంటూ ఉండాలి. ఆదివారం ఫోన్ చేస్తే ఇద్దరం గడులు పోల్చుకుంటాం. తనే పేషెంట్‌ని చూస్తుంది, పై డాక్టరు రాతపూర్వకంగా అప్పగించిన మేరకు తనే మందు రాస్తుంది. అలవాటు పడే ప్రమాదమున్న మందుల్ని అక్కడ షెడ్యూళ్ళుగా విడదీశారు, అంకె తగ్గేకొద్దీ కట్టడి ఎక్కువ. ట్రమడాల్ అక్కడ నాలుగో షెడ్యూల్, తను రాయొచ్చు. హైడ్రోకోడోన్ అనే ఇంకా గట్టి నొప్పి మందుని 2014లో రెండో షెడ్యూల్‌కి మార్చారు, టెక్సస్‌లో అలాంటివి ఆసుపత్రుల్లో, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే హాస్పిస్‌లో తప్ప క్లినిక్ నుంచి తను రాయడానికి లేదు. "నేను రాయలేనివి నువ్వు పేరు కూడా వినుండవు, నువ్వు రాయలేనివి నేను రోజూ రాస్తాను" అని నవ్వుతుంది అక్క. నాకు తన జీతం మీద అసూయ ఉంది, దాచడమెందుకు. తన ప్రిస్క్రిప్షన్ మీద మాత్రం లేదు.

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, దాటి ఒక క్యాన్సర్ పేషెంట్ ఇంటికి వెళ్ళేదాన్ని. మామ్మగారు మంచం మీదే. నేను పరీక్ష చేసి, వీడియోలో డాక్టరుగారికి చూపించేదాన్ని. ఒకరోజు నొప్పి బాగా పెరిగింది. మార్ఫిన్ అవసరమని ఆయనకి తెలుసు, నాకు తెలుసు, చివరికి మామ్మగారి కొడుక్కీ తెలుసు. కానీ 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఎన్‌డీపీఎస్ కింద ఉన్న మందులు వీడియోలో చూసి రాయకూడదు. ఎండీ చేసినాయనైనా సరే. పైగా మార్ఫిన్ నిల్వ ఉంచాలంటే ఆసుపత్రికి విడిగా గుర్తింపు కావాలి, మా క్లినిక్‌కి లేదు. ఆ రాత్రికి ఉన్న మందుల్లోనే వేళలు మార్చి సర్దాం. మర్నాడు డాక్టరుగారే పంటెక్కి వచ్చి చూసి, గుర్తింపు ఉన్న ఆసుపత్రికి రాసిచ్చారు. మార్ఫిన్ మొదలైన రోజు నుంచే విరేచనం మందు కూడా వెయ్యాలని కొడుక్కి నేను రెండుసార్లు చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకున్నాను. అది నాలుగో గడి పని, ఎవర్నీ అడగక్కర్లేదు. గోదావరికి వరదొచ్చి పంటు ఆపేస్తే ఏం చేసేవాళ్ళమో అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ మధ్య క్లినిక్‌కి అల్ట్రాసౌండ్ మిషన్ వచ్చింది. భుజానికి, మోకాలికి దాంతో చూసి సూది వేస్తారు. స్క్రీన్ మీద నరం, కండరం నాకు పోల్చుకోవడం వచ్చేసింది. ప్రోబ్ మాత్రం పట్టుకోను. లింగ నిర్ధారణ నిరోధక చట్టం వల్ల మిషన్‌కీ, దాన్ని వాడేవాళ్ళకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మోకాలు చూడటానికి ఆ చట్టమేమిటి అని నవ్వొస్తుంది గానీ, అది ఎందుకు వచ్చిందో తెలిసినదాన్ని కాబట్టి ఊరుకుంటాను.

ప్రస్తుతం మా ఇద్దరి మధ్య ఒక వాదన నడుస్తోంది. పాత నడుం నొప్పి పేషెంట్లు, ఎర్ర పేజీలోవి ఏవీ లేనివాళ్ళు, ఆపరేషన్ కానివాళ్ళు వస్తే వాళ్ళని మొదటి నుంచి చివరి దాకా నన్నే చూడమంటున్నారు డాక్టరుగారు. వ్యాయామం, ఫిజియోథెరపీ, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నీ నేనే చెప్పి, సాయంత్రం ఆయనకి చూపిస్తే చాలట. ఓపీ పెరిగింది, ఆయనకి ఊపిరాడట్లేదు, అర్థమవుతోంది. నేను కాదనలేదు. నోట్‌బుక్‌లో కొత్త వరస గీసి, ఏయే పేషెంట్లు, ఏయే మాటలు, ఎప్పుడు ఆయన్ని పిలవాలి అన్నది రాసి సంతకం పెట్టమన్నాను. "నామీద నమ్మకం లేదా?" అన్నారు. "ఉందండి, అందుకే అడుగుతున్నాను" అన్నాను. వరస గీసి నేను టేబులు మీద పెట్టాను. ఇంకా సంతకం కాలేదు. అప్పటిదాకా ఆ పేషెంట్లందర్నీ మూడో గడి ప్రకారమే ఆయన గదిలోకి పంపుతున్నాను.